మొకాల్లేని ఫ్లెక్సీ

నార్కట్‌పల్లి చౌరస్తాలో ఎవరికి ఎవరంటే పడదో తెలుసుకోవడానికి పోలీస్ స్టేషన్‌కు పోనక్కర్లేదు, కోమల దుకాణంలో ఒక గంట కూర్చుంటే చాలు. ఎవరి ఫొటో పక్కన ఎవరి ఫొటో పెట్టకూడదో, ఎవరి పేరు ఎవరి పేరుకంటే వేలెడు కూడా పెద్దగా రాకూడదో ఆమెకు కంఠతా వచ్చు. పుట్టినరోజుకైనా, స్వాగతానికైనా, శ్రద్ధాంజలికైనా ఫ్లెక్సీ అడుగున ఒక వరుస ముఖాలుండాలి. ఆ వరుసే అసలు సంగతి. పైనున్న అక్షరాలు ఎవరూ చదవరు. చచ్చినవాడి పేరు చదవకుండానే కింద ఎవరెవరున్నారో చూసుకుని పోయేవాళ్లే ఎక్కువ. ఇన్నేళ్ల పనిలో కోమల నేర్చుకున్నది మనుషుల్ని నమ్మకపోవడం. అక్షరాలు బాగుండాలని అడిగేవాడు కొంత నయం, అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలని అడిగేవాడితోనే జాగ్రత్త అంటుంది.

ఆమె తండ్రి కురుమయ్య నకిరేకల్ అవతల ఒక పటేలు దగ్గర జీతమున్నవాడు. అంటే పశువుల కొట్టంలో పడుకుని, ఏడాదికిన్ని వడ్లు తీసుకుని, తిట్లు ఉచితంగా తీసుకునే ఉద్యోగం. మీసాలు నెరిసే వయసులో చర్చిలో పాస్టరమ్మ దగ్గర చదవడం నేర్చుకున్నాడు. అప్పటినుంచి కనబడిన ప్రతి బోర్డునూ పైకి చదువుతాడు, బస్సులో సిగరెట్టు తాగరాదన్న ముక్కతో సహా. కోమల నల్లగొండలో ఇంటర్ చదివి, డీటీపీ నేర్చుకుని, పెండ్లి కార్డులు కొట్టింది. ఉద్యమం రోజుల్లో కరపత్రాలు కొట్టింది. రాష్ట్రం వచ్చాక సందుకొక నాయకుడు మొలిచాడు, ప్రతి నాయకుడికీ ఒక పుట్టినరోజు ఉంది, కాబట్టి ఫ్లెక్సీలకు దిగింది. పెండ్లి అయింది, పిల్లలున్నారు, భర్త లారీ మీద పోతాడు, వస్తాడు.

ఆ ఫ్లెక్సీ మిషను ఎస్సీ కోటా సబ్సిడీ లోను మీద వచ్చింది. కాగితంలో కోమల హిందువు. ఇంట్లో బైబిలు ఉంది. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ కాదన్నది చట్టం, మారినా కులం మాత్రం వెంటే వస్తుందన్నది ఊరు. ఈ రెంటి మధ్య ఎన్ని కుటుంబాలు ఎట్లా బతుకుతున్నాయో నల్లగొండ జిల్లాలో ఎవరిని అడిగినా తెలుసు. అందరికీ తెలిసినది రహస్యమెట్లా అవుతుంది? కాకపోతే, ఎవడో ఒకడు తెల్లకాగితం మీద రాసి పైకి పంపేదాకా అందరూ తెలియనట్టే ఉంటారు. పంపితే సర్టిఫికెట్టు పోతుంది, దాని వెనుక మిషను పోతుంది, మిషను లేని దుకాణంలో అద్దె కట్టుకుంటూ గోడలు చూడాలి. అందుకే కోమల నార్కట్‌పల్లి చర్చి గడప తొక్కదు. ఆదివారం పొద్దున నల్లగొండ బస్సెక్కుతుంది. ఎవరైనా అడిగితే ఇంకు డబ్బాలకంటుంది.

అట్లాంటి మనిషి దగ్గరికి, పోయిన ఏడాది ఎండాకాలం చివర్లో, శ్రీవాణి వచ్చింది. భువనగిరి దగ్గర రైతు కుటుంబం, హైదరాబాదులో ఒక డిజైను కాలేజీలో అక్షరాల రూపాలు చెప్పే టీచరు. పెన్ డ్రైవ్ ఇచ్చి, ఇది అచ్చేయాలి, చౌరస్తాలో బస్టాపు పక్కన కట్టాలి, పంచాయతీకి చెప్పుకున్నాను అంది. కోమల ఫైలు తెరిచింది. ఒక్క ముఖం లేదు. ఒక్క పేరు లేదు. పార్టీ రంగు లేదు. తెల్లటి జాగాలో నల్లటి అక్షరాలు, అవి కూడా రెండు రకాలు. ఒక రకం ఇటుకల్లాగా లావుగా, గోడ కట్టినట్టు ఉన్నాయి:

మీదేవూరు? ఎప్పుడొచ్చిన్రు? కాగితాలేవి? మళ్లెప్పుడు పోతరు?

ప్రతి ప్రశ్న కింద వెంట్రుకంత సన్నని గీతతో ఒక జవాబు. ఊరు కాలిపోయింది. చిన్నది అడుగులేసేటప్పుడు. కార్డుంది, అది కాగితం కాదంటరు. యాడికి?

శరణార్థుల కోసం ఏటా జరిపే రోజొకటి జూన్‌లో ఉందనీ, బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్లను ఏ ఆఫీసుకు పోయినా ఈ నాలుగు ప్రశ్నలే అడుగుతారనీ శ్రీవాణి చెప్పింది. ప్రశ్న లావు, జవాబు సన్నం. అక్షరాల తీరులోనే వాళ్ల బతుకు కనబడాలట. కోమల స్క్రీను మీద వేలు పెట్టి, ఈ సన్నటివి రోడ్డు మీదికి కనబడవు మేడం అంది. కనబడకూడదనే అలా గీశాను అని జవాబు. కోమల ఆమెను కిందికీ మీదికీ చూసింది. డబ్బులిచ్చి మరీ కనబడొద్దనేవాళ్లు ఈ దేశంలో రెండే రకాలని ఆమె అభిప్రాయం: దొంగలు, కాలేజీవాళ్లు. ఈమె ఏ రకమో తేల్చుకోవాలి. దీని వెనుక ఏ సంస్థ ఉంది, ఏ దేశం డబ్బు, రేపు ఎవరైనా వస్తే ఎవరి పేరు చెప్పాలి? అన్నీ అడిగింది. శ్రీవాణి అన్నిటికీ జవాబు చెప్పింది. అంత తడుముకోకుండా చెప్పడం కూడా కోమలకు నచ్చలేదు.

ఈ సన్నటి జవాబులు చెప్పిన మనిషిని నాకు చూపించు, అప్పుడు చూద్దాం అంది కోమల.

హైవే పక్కన పాత ఇనుము, ప్లాస్టిక్ కొనే ఒక జాగా ఉంది. రేకుల షెడ్డు, దాని వెనుక రెండు గుడిసెలు. అక్కడ సీసాల మూతలు ఏరుతూ, ఆ జవాబులు చెప్పిన హమీదా కనబడింది. ఆమెకు హైదరాబాదులో నేర్చిన ఉర్దూ వచ్చు, కోమలకు బజారు ఉర్దూ వచ్చు, తక్కింది చేతులతో నడిచింది. కోమల ప్రశ్నలు సిద్ధం చేసుకుని పోయింది గానీ మొదటి ప్రశ్న హమీదాయే వేసింది. నువ్వు ఏ ఆఫీసు?

ఆఫీసు కాదు, అచ్చేసేదాన్ని అని కోమల నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. అప్పటికి హమీదా సగమే నమ్మింది. చెప్పింది కూడా సగమే కావచ్చు. వాళ్ల ఊళ్లో తాతల కాలం నుంచి ఉన్నారు. ఒకనాడు అక్కడి సర్కారు మీరు మా దేశపు మనుషులు కారంది. తర్వాత ఊరు కాలింది. ఇక్కడికి వచ్చాక ఒక శరణార్థి కార్డు దొరికింది. దాని గడువు అయిపోయింది, కొత్తది ఇంకా రాలేదు. అదున్నా ఇక్కడి పౌరులు కారు. అదీ లేకపోతే ఏమవుతారో ఎవరూ చెప్పరు. "అక్కడ మేం లేమని రాసిన్రు. ఇక్కడ ఉన్నమని రాయరు" అన్న మాటను హమీదా ఏడుస్తూ అనలేదు. కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు చెప్పింది.

కోమల ఏడుపులు చాలా చూసింది. పింఛను ఫారాలు నింపించుకోవడానికి వచ్చి, ఎదుట మనిషి మారగానే ఏడుపు మార్చుకునేవాళ్లను చూసింది. ఏడవని మనిషిని ఎట్లా అనుమానించాలో ఆమెకు తోచలేదు. హమీదా కార్డును ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇచ్చింది. మూలలు చిరగకుండా కవరుకు టేపు వేసి ఉంది. ఇంట్లో బీరువాలో తన కులం సర్టిఫికెట్టు కూడా అట్లాంటి కవరులోనే, అట్లాంటి టేపుతోనే ఉంది. కోమల ఆ కార్డును చదవకుండానే తిరిగి ఇచ్చేసింది.

హమీదా పెట్టిన షరతు ఒక్కటే. ఫొటో వద్దు, పేరు వద్దు, ఈ జాగా పేరు అసలే వద్దు. ఫొటో వేస్తే ఇక్కడ తమను పట్టుకుంటారు, అక్కడ మిగిలిన అన్నను పట్టుకుంటారు. ఫ్లెక్సీలో ముఖం లేకపోవడం కళ కాదు, భయం అని కోమలకు అప్పుడు అర్థమైంది.

జాలిపడి ఒప్పుకుందని రాస్తే చదవడానికి బాగుంటుంది. అసలు సంగతి, మూఢాలొచ్చాయి, పెండ్లిళ్లు లేవు, మిషను ఖాళీగా ఉంది. ఇంకొకటి, ఎన్నేళ్లుగానో ముఖాల కింద నలిగిన అక్షరాలే కొట్టిన మనిషికి అక్షరాలు మాత్రమే ఉన్న పని ఒకటి చేతికొచ్చింది. ఆశ పుట్టింది. అచ్చు ఎంత నల్లగా పడాలో రెండుసార్లు వేసి చూసుకుంది. చివర్లో మాత్రం, ప్రతి ఫ్లెక్సీ మూలన వేసే తన దుకాణం పేరు, ఫోన్ నంబరు తీసేసింది. ఎవరూ చూడరు, వారం తర్వాత వాన పడుతుంది, అయిపోతుంది అనుకుంది.

ఇక్కడ ఆమె లెక్క పూర్తిగా తప్పింది.

ఫ్లెక్సీ కట్టిన నాడు మధ్యాహ్నానికే దాని ముందు మనుషులు. కారణం సులువు. ముఖాలుంటే దూరం నుంచే ఎవరిదో తెలిసిపోయేది, ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ముఖాలు లేవు. మరి ఎవరిది? పేరు వెతకడానికి దగ్గరికి వచ్చారు. పేరు ఏ సన్నటి గీతలో దాచారోనని ప్రతి గీతా చదివారు. శ్రీవాణి కోరుకున్నదీ అదే, కాకపోతే ఆమె మనుషుల మంచితనాన్ని నమ్ముకుంది, పని చేసింది మాత్రం అనుమానం. కొత్త పార్టీ అన్నారు కొందరు. చిట్‌ఫండ్ కంపెనీ అన్నారు కొందరు. రోడ్డు వెడల్పు చేసి దుకాణాలు కూలగొడతారన్నాడు బస్టాపులో సోడా అమ్మేవాడు.

సాయంత్రానికి అన్ని పుకార్లనూ తొక్కి ఒకటి పైకొచ్చింది. సర్వే.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఒకే రోజు ఇంటింటి సర్వే చేశారు. ఆ రోజు ఇంట్లో లేనివాడు లెక్కలో లేనట్టేనని భీవండి నుంచి, బొంబాయి నుంచి జనం బస్సుల టాపు మీద కూర్చుని వచ్చారు. మొన్న కులాల లెక్క రాసుకుపోయారు. అట్లాంటి జనం కళ్ల ముందు, ఇటుకల్లాంటి అక్షరాలతో, ఏ నాయకుడి నవ్వూ లేకుండా, మీదేవూరు, ఎప్పుడొచ్చిన్రు, కాగితాలేవి అని ఒక బోర్డు నిలబడితే ఏమనుకుంటారు? నవ్వు లేకుండా మాట్లాడేది సర్కారొక్కటే. అది తమనే అడుగుతోందనుకున్నారు. హైవే పక్కన డేరాల్లో ఉండే పాలమూరు రోడ్డు కూలీలు అందరికంటే ముందు బెదిరారు. మళ్లెప్పుడు పోతరు అన్నది వాళ్లకే తగిలింది. తెల్లారేసరికి మీసేవ ముందు వరుస, కోమల దుకాణం ముందు జిరాక్సు కోసం వరుస. దుకాణం పక్కన మిర్చిబజ్జీల బండి నడిపే గోవిందమ్మ, నూనె పొయ్యి మీద ఉండగానే వచ్చి ఆధార్ కార్డు ముందరా వెనకా జిరాక్సు తీయించుకుంది. గోవిందమ్మ ఈ ఊరామెనే అని కోమల ఇన్నాళ్లూ అనుకుంటోంది. ఇంత తొందర ఎందుకో అడగబుద్ధి కాలేదు.

వరుసలో కురుమయ్య కనబడ్డాడు. చంకలో ఇనుప పెట్టె.

"గింత ఎండల ఎందుకొచ్చినవ్ బాపూ?"

"సర్వే అట గద బిడ్డా. బస్సు దిగంగనే సదివిన. ఎప్పుడొచ్చిన్రు అని అడుగుతాన్రు. మనం ఎప్పుడొచ్చినమని చెప్పాలె?"

కోమల తండ్రిని లోపలికి లాగి, గొంతు తగ్గించి, అది సర్కారుది కాదు, నేనే వేసిన అంది.

"సర్కారోళ్లు నీకిచ్చిన్రా పని?" కురుమయ్య ముఖంలో కొంచెం గర్వం కూడా వచ్చింది.

"సర్కారు కాదు బాపు. బర్మా నుంచి పారొచ్చినోళ్ల గురించి అది."

"బర్మోళ్ల గురించైతే తెలుగుల ఎందుకేస్తరు?"

ఈ ప్రశ్న శ్రీవాణిని అడగాల్సింది. కురుమయ్య పెట్టె తెరిచి కాగితాలు ఒక్కొక్కటే మోకాళ్ల మీద సర్దుకున్నాడు. "కింద సన్నగ రాసింది గూడ సదివిన. ఊరు కాలిపోయిందని ఉంది. నువ్వు పుట్టకముందు మన గూడెం కాలింది గద. గది ఎవలికెరుక? మనకే ఎరుక. అందుకే మన గురించే అనుకున్న."

గూడెం కాలిన సంగతి కోమల ఎప్పుడో ఒకటి రెండుసార్లు విన్నది, అదీ తల్లి నోట. తండ్రి అనగా వినడం అదే మొదలు. ఆయన మళ్లీ దాని జోలికి పోలేదు. అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీయి అన్నాడు. తీసింది.

మరునాడు పొద్దుగూకే వేళ కమలాకర్ వచ్చాడు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, వార్డు మెంబరుగా కూడా గెలవని నాయకత్వం. అతని పుట్టినరోజు ఫ్లెక్సీలన్నీ కోమలే వేసేది. బస్టాపు పక్కన అతని ముఖమున్న పాత ఫ్లెక్సీ ఇంకా ఉంది. రెండు రోజులుగా ఎవరూ అటువైపు చూడడం లేదు. ఆ కోపం బయటికి చెప్పుకునేది కాదు కాబట్టి దేశం గురించి మాట్లాడాడు. ఎవరో బయటి దేశపోళ్లని పంచాయతీలో విన్నాడట, ఊరినంతా భయపెడుతున్నారట, వాళ్లెక్కడున్నారో తేలాలట.

"చెల్లె, ఎవల్ది అది?"

"నాకెరుక లేదన్నా. ఫోన్ల చెప్పిన్రు, ఎవలో వచ్చి పట్కపోయిన్రు."

"నీ మిషన్ల ఏసినవ్, నీకే ఎరుక లేదా?"

"దినాం ఎన్నో వస్తయి. అందరి జాతకాలు నేనడుగుతనా?"

కమలాకర్ నవ్వాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అది గాదు చెల్లె. ఆదివారం పొద్దున నల్లగొండ బస్సు మస్తు రష్ ఉంటదట గద. జాగ దొరుకుతదా నీకు?"

ఇంకు డబ్బాల మాట కోమల నోటిదాకా వచ్చి ఆగింది. అది అతను నమ్మడానికి అడిగిన ప్రశ్న కాదు. హమీదా పేరు, ఇనుము జాగా, రెండు మాటలు చెబితే అతను లేచి పోతాడు. మిషను ఉంటుంది. తనకూ హమీదాకూ చుట్టరికం ఏముంది? కార్డులకు వేసిన టేపు ఒకలాంటిదైతే చుట్టరికమవుతుందా? ఇట్లా ఆలోచిస్తూనే ఆమె కమలాకర్‌ను చూస్తోంది. ఇన్నేళ్ల అనుమానపు చదువు అక్కడ అక్కరకొచ్చింది. ఇవాళ ఈ మనిషి ఆదివారం మాట ఎత్తి ఒక పేరు తీసుకుపోతాడు. రేపు అదే మాట ఎత్తి ఇంకొకటి అడుగుతాడు. బస్సు ప్రతి ఆదివారమూ ఉంటుంది.

"దొరకకపోతే నిలబడి పోత అన్నా" అంది.

కమలాకర్ రెండు ఫోన్లూ తీసుకుని లేచాడు. మర్నాటికి ఫ్లెక్సీ లేదు, తాళ్లు మాత్రం వేలాడుతున్నాయి. అది ఎవరు విప్పారని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత అతని పనులు నకిరేకల్ దుకాణానికి పోయాయి. వానలు పడ్డాయి. తెల్ల చొక్కా మనిషి బండి ఆపితే చాలు తలెత్తి చూడడం కోమలకు అలవాటైంది. రాత్రి మిషను మీద దుప్పటి కప్పుతూ, దీన్ని తీసుకుపోవాలంటే ఎంతమంది కావాలో లెక్కేసేది.

ఆమె మతం మీద పైకి పిటిషను పోయింది. బతుకమ్మకు ముందు, మండలాఫీసు నుంచి విచారణకు ఒక సారు వచ్చాడు. మర్యాదస్తుడే. కోమలను రెండు మాటలడిగి, చుట్టుపక్కలవాళ్ల వాంగ్మూలం కావాలని చౌరస్తాలో పడ్డాడు. ఈమె చర్చికి పోతుందా, ఎన్నాళ్లుగా పోతోంది, ఎవరైనా చూశారా?

ఇక్కడ కథ మామూలుగా అయితే ఊరంతా ఒక్కటై ఆడబిడ్డను కాపాడుకుంది అని ముగియాలి. ఊరు ఒక్కటి కాలేదు. ఊరికి అసలు కోమల గుర్తుకే రాలేదు. ఆ ఎండాకాలం నుంచి, చేతిలో కాగితం పట్టుకుని ప్రశ్న అడిగేవాడంటే ఆ చౌరస్తాకు గుబులు. సోడా అమ్మేవాడు తాను ఇక్కడికి ఈ మధ్యనే వచ్చానన్నాడు. అతని తండ్రి కూడా అక్కడే సోడా అమ్మాడు. మెకానిక్కుకు చెవులు సరిగా వినిపించలేదు. రోడ్డు కూలీలు సారును చూడగానే డేరాలు వదిలి చెరువు వైపు నడిచారు. సారు చివరికి గోవిందమ్మ బండి దగ్గర నిలబడ్డాడు. కోమల తన దుకాణం లోపలి నుంచి వింటోంది.

"పక్క దుకాణమే కదమ్మా. ఆదివారం ఆమె ఎక్కడికి పోతుందో నీకు తెలియదా?"

"ఆదివారం నా బజ్జీలకు గిరాకి ఎక్కువ సారూ. తలెత్తి చూస్తే మాడిపోతయి."

"ఆమె ఇంట్లో ఏ దేవుడి పటం ఉంది?"

"నన్ను ఇంట్లకు పిలిస్తె గద, చూసేటందుకు." ఇది శుద్ధ అబద్ధం. కోమల ఇంట్లో క్రిస్మసుకు చేసిన అరిసెలు గోవిందమ్మ కొంగున కట్టుకుని పోయింది.

సారు ఒక పొట్లం బజ్జీలు కొనుక్కుని, సాక్ష్యం దొరకలేదని రాసుకుని బస్సెక్కాడు. అంతటితో తీరిందని ఎవరూ అనలేరు. ఫైలు మూసిన చేయే మళ్లీ తెరవగలదు. ప్రస్తుతానికి మిషను నడుస్తోంది.

అదే వారం శ్రీవాణి ఫోన్ చేసింది. ఫ్లెక్సీ ముందు గుమిగూడిన జనం ఫొటోలు హైదరాబాదులో ఒక ప్రదర్శనలో పెట్టారట, చూసినవాళ్లు బాగా కదిలిపోయారట. కదిలినవాళ్ల సంగతి సరే, హమీదా కార్డు సంగతేమిటని కోమల అడిగింది. ఇంకా రాలేదు. ఇనుము జాగా యజమాని భయపడి ఖాళీ చేయమన్నాడు, వాళ్లు వేరే ఊరికి పోయారు. ఏ ఊరని అడిగితే శ్రీవాణి, అది చెప్పకూడదక్కా అంది. మొదటిసారిగా ఆ పిల్ల కోమలకు నచ్చింది.

సాయంత్రం గిరాకి తగ్గాక కోమల గోవిందమ్మ దగ్గరికి పోయింది. నీ మేలు మరిచిపోను పెద్దమ్మా అని మొదలుపెట్టింది. గోవిందమ్మ జల్లిగంటెతో నూనెలో నల్లముక్కలు ఏరుతూ, తల తిప్పకుండానే అడ్డుకుంది.

"నీకోసం చెప్పలే. గంతమంది ఉండంగ గా సారు సీదా నా దగ్గరికే ఎందుకొచ్చిండు? నువ్వు చెప్పినవా, గోవిందమ్మను అడుగుమని?"

"నా బిడ్డల మీద ఒట్టు పెద్దమ్మా."

"ఒట్లు నా దగ్గర వెట్టకు." గంటె కింద పెట్టింది. చుట్టూ చూసింది. బస్టాపులో ఎవరూ లేరు. "నేను పాలమూరు దిక్కుల నుంచి వచ్చిన్నని నీకెవలన్న చెప్పిన్రా?"

"లేదు."

"గా సారు అడిగిండా, నాది ఏవూరని?"

"అడగలే."

"అడిగితే ఏమంటవ్?"

"నాకెరుక లేదంట."

గోవిందమ్మ నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. తర్వాత స్టవ్ ఆపేసి, బండి మీద గుడ్డ కప్పుతూ అంది:

"గట్లనే అను."